గేటు బయటికి వచ్చిన ఇంకుప్యాడు

నా చిన్నప్పుడు బడికి పోయే దారిలో ఒక పంపుసెట్టు గది ఉండేది. రోజూ పొద్దున దాని వెనక ఆగి నేను తండాను విప్పి మూటకట్టేదాన్ని. అద్దాలు కుట్టిన లంగా, గవ్వలు కుట్టిన రవిక, జడల పక్కన వేలాడే వెండి గుత్తులు, అన్నీ ఒక గుడ్డలో చుట్టి చూరులో దోపి, బడివాళ్ళు ఇచ్చిన నీలం లంగా, తెల్ల జాకెట్టు తొడుక్కునేదాన్ని. సాయంత్రం మళ్ళీ అక్కడే ఆగి నీలం లంగా మడిచిపెట్టి, అద్దాల లంగా కట్టుకుని ఇంటికి పోయేదాన్ని. తండా నుంచి ఆ బడికి నలుగురు ఆడపిల్లలం పోయేవాళ్ళం. నాలుగు మూటలూ ఆ చూరులోనే ఉండేవి. వాన పడితే నాలుగూ తడిసేవి.

ఇంటి దగ్గరే నీలం లంగా కట్టుకుని బయలుదేరవచ్చు కదా అని ఇప్పుడు నా మనవరాలు అడుగుతుంది. తండాలో నీలం లంగాతో కనిపిస్తే మా తండా పెద్ద, నాయకు, ఊరుకునేవాడు కాదు. ఆడపిల్లలు ఊరి వేషం వేస్తే తండా ఉండదని ఆయన భయం. బడిలో అద్దాల లంగాతో కనిపిస్తే హెడ్మాస్టరు ఊరుకునేవాడు కాదు. ఆ ఇద్దరు పెద్దమనుషులు జీవితంలో ఒక్కసారి కూడా కూర్చుని మాట్లాడుకోలేదు. కానీ మమ్మల్ని ఆ పంపుసెట్టు వెనక నిలబెట్టింది ఆ ఇద్దరూ కలిసే.

మా తండా ఇప్పటి మహబూబాబాద్ జిల్లాలో ఉంది. పెద్దవంగరకు పొలాల వెంబడి నడిచిపోవచ్చు. బడి ఉన్న ఊరి పేరు మాత్రం రాయను. ఒక్క ఊరిని బోనులో నిలబెట్టి మిగతా ఊళ్ళను ఇంటికి పంపించడం నాకిష్టం లేదు.

హెడ్మాస్టరు మంచివాడు. ఈ మాట ముందే రాస్తున్నాను. ఎందుకంటే నా కోపం చెడ్డవాళ్ళ మీద అయితే ఇంతకాలం నిలిచేది కాదు. తండా పిల్లలను వెనక కూర్చోబెట్టాలని ఊరి పెద్దలు అంటే వాళ్ళతో పోట్లాడి మమ్మల్ని ముందు బెంచీ మీద కూర్చోబెట్టింది ఆయనే. నీళ్ళ కుండ ముట్టవద్దని మమ్మల్ని తోసిన పిల్లవాడి చెవి మెలిపెట్టింది ఆయనే. మా నలుగురినీ పిలిచి ఒక మాట చెప్పేవాడు.

"మీరు తెలివిగల్ల పిల్లలు. గా వేషం, గా మాట గేటు బయట ఇడిచిపెట్టి రాండ్రి. గేటు లోపట మిమ్ముల ఎవ్వడేమంటడో నేను చూస్త."

అందుకని బడి ఆవరణలో మా భాష మాట్లాడకూడదు. పొరపాటున ఒక్క మాట దొర్లినా ఒక పీరియడు గేటు బయట నిలబడాలి. నేను చాలాసార్లు నిలబడ్డాను. అయినా ఆయన మాటకు మురిసిపోయేదాన్ని. మనిషిగా చూస్తానన్నాడు, అందుకు బదులుగా అడిగింది ఒక లంగా, కొన్ని మాటలు. అది అన్యాయమని నాకు తోచనే లేదు. పన్నెండేళ్ళ పిల్లకు అన్యాయం కర్ర పట్టుకుని వస్తేనే కనిపిస్తుంది. చిరునవ్వుతో వస్తే కనిపించదు.

ఆ ఏడు నేను ఏడో తరగతి. మా బడి ఏడు వరకే. ఆ తర్వాత చదవాలంటే జనగామలో హాస్టలు ఉన్న బడిలో సీటు రావాలి. రాకపోతే మిరపతోటల్లో కూలి. మా అక్క అప్పటికే ఆ కూలికి పోతున్నది. సాయంత్రం ఇంటికొచ్చి మంట పుట్టే చేతులను పేడనీళ్ళలో ముంచుకుని కూర్చునేది. నేను ఆ చేతులను చూస్తూ చదివేదాన్ని. మా బడి నుంచి పేరు పంపేది ఒక్కరిదే. హెడ్మాస్టరు నా పేరు రాశాడు. నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు.

"సోమవారం మీ బాపును ధోతి కట్టుకోని రమ్మను, వేలిముద్ర వెయ్యాలె. తనిఖీకి ఆఫీసరొస్తడు గారోజే. మీ అమ్మను తోలుకరాకు బిడ్డా, జర అర్థం చేసుకో," అన్నాడు. నేను అర్థం చేసుకున్నాను. ఇప్పుడు సిగ్గుపడవలసింది అందుకే. అర్థం చేసుకున్నాను, తల కూడా ఊపాను.

ఇక మా సోషల్ సారు సంగతి. ఆయనది జనగామ వైపు పల్లె. వాళ్ళ నాయిన దొర ఉండే కోటలాంటి గడీ ముందునుంచి పోయేటప్పుడు చెప్పులు చేతిలో పట్టుకుని, "బాంచెన్ దొరా" అంటూ నడిచిన మనిషి. తర్వాత అదే గడీ తలుపు విరగ్గొట్టినవాళ్ళలోనూ ఉన్న మనిషి. సారు ఆ ఇంట్లో పుట్టి, దేవుడిని ఒప్పుకోకుండా, ఎవరు ఏ మాటన్నా "ఎట్ల తెలుసు నీకు?" అని అడుగుతూ పెరిగాడు. గ్రహణం రోజున పిల్లల ముందు నిలబడి అటుకులు తిన్నందుకు ఆయన మీద ఊళ్ళో పంచాయితీ కూడా జరిగింది. పాఠాన్ని పుస్తకం మూసి చెప్పేవాడు.

ఆ బుధవారం ఫ్రాన్సు విప్లవం పాఠం. రాజు, రొట్టె, జైలు గోడలు అయిపోయాక పుస్తకంలో లేని సంగతి ఒకటి ఎత్తుకున్నాడు. యూరపులో యూదులని ఒక జనం ఉండేవారట. వాళ్ళ దేవుడు వేరు, రాత వేరు, పండుగలు వేరు. చాలా పట్టణాల్లో వాళ్ళకొక వాడ. వాడకు గోడ, గోడకు గేటు. పొద్దుగూకగానే గేటుకు తాళం పడేది. కొన్నిచోట్ల ఆ తాళం వేసే కావలివాళ్ళ జీతం కూడా వాళ్ళే ఇచ్చుకోవాలి. ఫలానావాళ్ళని తెలియడానికి బట్టల మీద గుర్తు కుట్టుకుని తిరగాలి. భూమి కొనవద్దు, చేతిపనుల సంఘాల్లో చేరవద్దు. వడ్డీ వ్యాపారమూ పాతబట్టల బేరమూ తప్ప మరో దారి ఉంచరు. అవే చేస్తున్నారని మళ్ళీ ఛీకొడతారు.

విప్లవం వచ్చింది. మనుషులంతా సమానంగా పుట్టారని ప్రకటించింది. అందరూ అంటే యూదులు కూడానా అని విప్లవం చేసినవాళ్ళే సభలో రెండేళ్ళు వాదించుకున్నారట. చివరికి అవునన్నారు. ఫ్రాన్సు సైన్యం పక్క దేశాల్లోకి పోయి వాడల గేట్లు ఊడబెరికింది. ఒకచోట ఆ తలుపులను నడివీధిలో పెట్టి తగలబెడితే జనం చుట్టూ చేరి ఆడారట.

నేను చప్పట్లు కొట్టాను. దొరల దగ్గర లెక్కలు రాసిన ఊరి పట్వారీ మనవడు వెనక నుంచి లేచాడు.

"మనకాడ గడీ దర్వాజ గిట్లనే ఇరగ్గొట్టిండ్రు సార్. మా తాత చెప్పిండు."

"మీ తాత అప్పుడు దర్వాజ బయట ఉండెనా, లోపట ఉండెనా?" అని అడిగాడు సారు.

తరగతి అంతా గొల్లుమంది. పట్వారీ మనవడు కూడా నవ్వాడు. కథ అయిపోయిందా అని నేనడిగాను. గేటు కాలింది గాని కథ కాలేదని, మిగతాది రేపు ఆట ఆడాక చెబుతానని అన్నాడు.

మర్నాడు సారు తరగతి గది గుమ్మం దగ్గర సుద్దతో ఒక గీత గీశాడు. ఎన్నడూ లేనిది, రేడియోలో వార్తలు చదివేవాళ్ళలా మాట్లాడడం మొదలుపెట్టాడు. "పిల్లలారా, నేటి నుండి ఈ గదిలో అందరూ సమానులే. ఎవరైనా ఎక్కడైనా కూర్చోవచ్చు. ఒకే ఒక్క షరతు. పుస్తకంలో ఉన్న తెలుగు మాత్రమే మాట్లాడాలి. ఇంటి దగ్గర మాట్లాడే మాటలను గీత అవతల విడిచిపెట్టి రావాలి. మరచినవారు గీత అవతల నిలబడాలి."

"గదెంత పని సార్!" అన్నాడు పట్వారీ మనవడు. మొదట బయటికి పోయింది వాడే.

"నేనేమన్ననే?" అని వాడు గీత అవతల నుంచి అరిస్తే, "గదే అన్నవురా పిచ్చోడా," అన్నాడు వాడి పక్క బెంచీవాడు. సారు వేలు చూపించాడు. వాడూ పోయాడు. "ఏంది సార్ గీ ఆట?" అంటూ ఒకడు, "నాకు సమజైతలేదు," అంటూ ఒకామె, "నవ్వకుండ్రే, మీ వంతొస్తది," అంటూ ఇంకొకామె. పావుగంటలో గది ఖాళీ అయింది. లోపల మిగిలింది మేం నలుగురం, తండా పిల్లలం.

అందులో మా గొప్పేమీ లేదు. ఊళ్ళో ఎవరూ మాతో కూర్చుని కబుర్లు చెప్పలేదు. మాకు తెలుగు నేర్పింది పాఠ్యపుస్తకమే. మేము వాచకంలో ఉన్నట్టే మాట్లాడేవాళ్ళం. అందుకు మమ్మల్ని వెక్కిరించేవాళ్ళు కూడా. మా ఇంటి భాషను వెక్కిరించిన నోళ్ళే మా పుస్తకం తెలుగునూ వెక్కిరించేవి. ఆ నోళ్ళన్నీ ఇప్పుడు గీత అవతల ఎండలో నిలబడి ఉన్నాయి. నిజం రాస్తాను, నాకు చాలా సంతోషం కలిగింది. బెంచీ మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాను.

అంతలో హెడ్మాస్టరు వచ్చాడు. "ఏంది సారూ గిది? పోరగాండ్లందర్ని ఎండల నిలబెట్టినవేంది? ఏం చేసిండ్రు గీల్లు?" అంటూ గుమ్మం దాటబోయాడు.

సారు చేతులు జోడించాడు. "క్షమించండి. ఈ గదిలో నేటి నియమం ప్రకారం తమరు కూడా గీతకు అవతలే నిలబడాలి."

బయట ఉన్న పిల్లలు ఎగిరి గంతేశారు. "హెడ్మాస్టరు సారు గూడ అవుటే!" హెడ్మాస్టరు ముందు నవ్వాడు. విషయం తెలిశాక ఆయన ముఖం ఎర్రబడింది. కానీ పోలేదు. కిటికీ దగ్గర పిల్లల మధ్య నిలబడ్డాడు.

సారు గీతను కాలితో చెరిపేసి, తన మామూలు మాటలోకి వచ్చి, పట్వారీ మనవడిని అడిగాడు. "బయట నిలబడితే ఎట్లనిపించిందిరా?"

వాడు కాలి బొటనవేలితో మట్టి గీరుతూ, "మా అవ్వను తిట్టినట్టనిపించింది సార్. నేను మాట్లాడేది మా అవ్వ మాటనే గద," అన్నాడు.

అప్పుడు నా కాళ్ళు వాటంతటవే బెంచీ కిందికి దిగాయి.

మిగతా కథను సారు గుమ్మంలో నిలబడి, లోపలివాళ్ళకూ బయటివాళ్ళకూ వినిపించేలా చెప్పాడు. యూదుల గేటు కాలిపోయింది. కానీ తెరిచినవాళ్ళు దారిలో ఒక షరతు పెట్టారు. ఒక్కొక్క మనిషిగా వస్తే అన్ని హక్కులూ ఇస్తాం, ఒక జనంగా వస్తే ఏమీ ఇవ్వం. అంటే మీరు రండి, మీవన్నీ అక్కడే విడిచిపెట్టి రండి. ఇందులో పైకి తప్పేమీ కనిపించదు. చట్టం ముందు అందరూ ఒకటే కావడం మంచిదే. కానీ వాళ్ళను పిలిచినవాళ్ళు మాత్రం తమ పండుగలు, తమ భాష, తమ ఆదివారం దేన్నీ గేటు దగ్గర విడిచిపెట్టలేదు. వాళ్ళవి మనిషితనంలో భాగాలు, వీళ్ళవి మాత్రం విప్పెయ్యవలసిన బట్టలు.

అప్పుడు ఆ జనం లోపలే ఎన్నో దారులు చీలాయట. కొందరు పేర్లు మార్చుకున్నారు. కొందరు కొలువు కోసం మతం మార్చుకున్నారు, నమ్మి కాదు, తలుపు తెరుచుకుంటుందని. కొందరు ప్రార్థనను ఊరి భాషలోకి మార్చి, మా ఇంట్లో మతం వేరే గాని బజారులో మేం మీవాళ్ళమేనన్నారు. కొందరు భయపడి పాత ఆచారాలను మరింత గట్టిగా వాటేసుకున్నారు. కొందరు యువకులు ఏ దేవుడూ వద్దని విప్లవాల్లోకి పోయారు. ఇంకొందరు మాకే ఒక దేశం కావాలన్నారు. అంతకుముందు నేనెవరు అని అడగవలసిన అవసరం లేని జనం, గేటు తెరిచిన తర్వాత ఒక్క పూట కూడా ఆ ప్రశ్న లేకుండా అన్నం తినలేకపోయింది. ఒకే ఇంట్లో తండ్రికీ కొడుక్కీ మాటలు లేకుండా పోయాయి.

"మరి అన్నీ ఇడిచిపెట్టినోళ్ళను మంచిగ చూసుకున్నరా సార్?" అని కిటికీ దగ్గర నుంచి ఎవరో అడిగారు.

ఆ సైన్యాన్ని పంపిన ఫ్రాన్సు చక్రవర్తి ఓడిపోగానే కొన్ని ఊళ్ళలో గేట్లు మళ్ళీ లేచాయన్నాడు సారు. గేట్లు లేవని చోట్ల వాళ్ళను చూసి ఏడ్చే పద్ధతి మారింది. ముందు, మీరు మాలాగా లేరు అని తిట్టారు. తర్వాత, మీరు అచ్చం మాలాగా ఉన్నారు, ఎవరో గుర్తుపట్టలేకపోతున్నాం, మీలో ఏదో మోసముందని తిట్టారు. ఫ్రాన్సులోనే, ఆ విప్లవం పుట్టిన దేశంలోనే, సైన్యంలో పనిచేసే ఒక యూదు అధికారిని చేయని నేరానికి దేశద్రోహి అన్నారు. తర్వాత కొన్నేళ్ళకు జర్మనీలో ఒక రాజ్యం వచ్చింది. అది పేరు మార్చుకున్నావా, మతం మార్చుకున్నావా అని అడగలేదు. మీ తాత ఎవరు, మీ అవ్వ ఎవరు అని పాత రిజిస్టర్లు తిరగేసి మరీ పట్టుకుంది. పట్టుకుని చంపింది. లక్షల మందిని.

సారు మెల్లగా అన్నాడు. "నాకు దేవుడు లేడు. వాళ్ళ దేవుడూ లేడు, మీ దేవుడూ లేడు. పనికిరాని ఆచారం ఉంటే నువ్వే ఆలోచించి ఇడిచిపెట్టు, నేను ముందు నిలబడి శెభాష్ అంట. కని నువ్వు మనిషివి కావాలంటే ఇది ఇడువు అని ఇంకొకడు అంటే, గది తెలివి కాదు బిడ్డా. గది దొర మాట."

కిటికీ వైపు చూశాను. హెడ్మాస్టరు వెళ్ళిపోయాడు. ఎక్కడిదాకా విన్నాడో నాకు తెలియదు.

సోమవారం వచ్చింది. బాపు కురవి జాతరకు బండి కట్టుకుని పోయి తిరిగి రాలేదు. ఎద్దు కుంటిదయిందని కబురొచ్చింది. కాగితం ఆ రోజే పోవాలి. మా భాషలో అమ్మను యాడి అంటాం. యాడి ఏమీ ఆలోచించకుండా పెట్టెలోంచి కొత్త అద్దాల లంగా తీసి కట్టుకుంది. మోచేతుల దాకా తెల్ల గాజులు, నుదుటి మీద వెండి. బిడ్డ చదువు పనికి పోతున్నది కదా, పెళ్ళికి పోయినట్టు తయారైంది. నేను వద్దని అనలేదు. రమ్మని కూడా అనలేదు. పంపుసెట్టు గది దగ్గర నేను బట్టలు మార్చుకుంటుంటే ఆమె మొదటిసారి చూసింది. నా మూటను తనే తీసి, చూరులో కాకుండా తన చంకలో పెట్టుకుంది.

అద్దాలు ఎండకు దూరం నుంచే కనిపిస్తాయి. మేము గేటు చేరేసరికే హెడ్మాస్టరు పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఒక చేతిలో కాగితం, ఒక చేతిలో ఇంకుప్యాడు. ఆ బడిలో ఇంకుప్యాడు ఆఫీసు బల్ల దాటి రావడం నేనెన్నడూ చూడలేదు. ఊరి రైతులు, కూలీలు అందరూ లోపలికి పోయి, బల్ల ముందు నిలబడి వేలిముద్ర వేసేవారు. మా యాడి కోసం బల్లే బయటికి వచ్చింది.

"ఎండల గంత దూరం ఎందుకు రావాలమ్మా, గీడనే వెయ్యి. ఆఫీసరొచ్చిండు లోపట," అన్నాడు. ఎంత మర్యాదగా అన్నాడో!

యాడికి తెలుగు కొద్దిగా అర్థమవుతుంది. ఆమె వేలు చాపలేదు. నా వైపు తిరిగి మా భాషలో, ఏం రాశారో చదువు అన్నది. నేను అలవాటు కొద్దీ అప్పటికే గేటు లోపల నిలబడి ఉన్నాను. హెడ్మాస్టరు ముందు, బడి నేల మీద నిలబడి, మొదటిసారి మా భాషలో చదవడం మొదలుపెట్టాను. పేరు, తండ్రి పేరు, ఊరు, వయసు, తరగతి. ఒక్కో గడికీ అర్థం చెప్పుకుంటూ పోయాను. తర్వాతి గడి మీద నా కళ్ళు ఆగాయి. ఇంట్లో మాట్లాడే భాష. అందులో హెడ్మాస్టరు గుండ్రటి అక్షరాలతో, తెలుగు, అని రాశాడు.

నేను ఆ గడిని దాటేశాను. మార్కుల గడి చదివాను, హాజరు గడి చదివాను, ఇక వేలు వెయ్యి అన్నాను. సారు చెప్పిన కథ నాలుగు రోజులుగా నా చెవుల్లో ఉంది. అయినా దాటేశాను. మా అక్క చేతులు కళ్ళ ముందు ఆడాయి. సీటు కావాలి నాకు.

యాడికి చదువు రాదు. కానీ ఆమె లంగా అంచు మీద అద్దాలు కుట్టే మనిషి. ఏడు వరుసల కుట్టులో ఒక దారం తప్పితే చీకట్లో వేలితో తడిమి చెప్పే మనిషి. ఆమె వేలు నేను చదువుతున్న గడుల వెంట దిగుతూ వచ్చింది. చివర ఆగింది.

"ఎనిమిది వరుసలున్నయి. నువ్వు ఏడే చదివినవ్. ఒకటి ఇడిచిపెట్టినవ్, గది చదువు," అన్నది మా భాషలో.

నేను తల దించుకుని చదివాను. ఇంట్లో మాట్లాడే భాష, తెలుగు.

యాడి నన్ను చూసింది, హెడ్మాస్టరును చూసింది, పెద్దగా నవ్వింది. నుదుటి మీద వెండి గలగలలాడింది.

"అయితే ఇది మనింటి కాగితం కాదే. ఎవరింటిదో మనకిచ్చిండ్రు. గా ఇంటోళ్ళనే పిలిచి వేలు వెయ్యమను."

హెడ్మాస్టరు ఏమన్నదని నన్ను అడిగాడు. ఆ మాటను తెలుగులో చెప్పాను. ఒక్క ముక్క మార్చలేదు.

"సీటు పోతది బిడ్డా," అన్నాడు ఆయన. బెదిరించలేదు. నిజంగానే బాధపడుతూ అన్నాడు. నాకు ఏడుపు వచ్చింది. యాడి చేయి కదలలేదు. అప్పుడు నేను గేటు దాటి బయటికి వచ్చి ఆమె పక్కన నిలబడ్డాను. ఎందుకు వచ్చానో అప్పుడు నాకు తెలియదు. పొరపాటున నోరు జారిన రోజుల్లో నన్ను నిలబెట్టిన చోటే అది. ఆ రోజు ఎవరూ నిలబెట్టలేదు.

ముగ్గురం గేటు బయటే ఉన్నాం. హెడ్మాస్టరు ఒకసారి బడి వైపు చూసి ఇంకుప్యాడును చంకలో ఇరికించుకున్నాడు. తర్వాత జేబులోంచి పెన్ను తీసి, కాగితాన్ని గేటు దిమ్మె మీద పెట్టి, ఆ మాట కొట్టేసి, లంబాడీ, అని రాశాడు. ఆయన సిగ్గుపడ్డాడని రాస్తే ఈ కథ అందంగా ఉంటుంది. లోపల ఆఫీసరు పిలుస్తున్నాడని తొందరపడ్డాడేమో కూడా. ఎట్ల తెలుసు నీకు అని సారు అడిగితే నా దగ్గర జవాబు లేదు, కాబట్టి రాయను.

యాడి అప్పుడు వేలు వేసింది. వేలికంటిన ఇంకును లంగా మీది ఒక అద్దానికి తుడుచుకుంది. మమ్మల్ని ఆయన లోపలికి పిలవలేదు. ఆమె వచ్చిన దారినే, నా మూట చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం చూరులో నా మూట లేదు. నీలం లంగాతోనే తండాలోకి నడిచాను. నాయకు అరిచాడు. యాడి అంతకంటే గట్టిగా అరిచింది. ఆ సంగతి వేరే రాయాలి.

ఆ ఏడు సీటు రాలేదు. ఆ గడి వల్లనే రాలేదని నేను అనను, నా దగ్గర రుజువు లేదు. ఒక ఏడాది మిరపతోటల్లో కూలి చేశాను. నా చేతులు కూడా మండాయి. సోషల్ సారును ఆ ఎండాకాలమే గంగారం అడవి వైపు బదిలీ చేశారు. అక్కడి నుంచి ఆయన మరుసటి ఏడు మా తండాకు సైకిలు మీద వచ్చి కొత్త కాగితం ఇచ్చి, ఎనిమిది గడులూ నాతోనే నింపించాడు. ఈసారి సీటు వచ్చింది.

యాభై ఏళ్ళు దాటాయి. తండాలో ఉన్నదంతా బంగారమని నేనెన్నడూ అనలేదు. పండుగకు మేకను కోయడం గురించి, పసిపిల్లల పెళ్ళిళ్ళ గురించి మావాళ్ళతో ఏళ్ళ తరబడి పోట్లాడాను, తిట్లు తిన్నాను. అద్దాల లంగా నేను కట్టడం మానేసి చాలా కాలమైంది. నడవడానికి బరువని మానేశాను. ఎవరో మనిషిని చేస్తామన్నారని మానేయలేదు. ఈ రెండింటికీ మధ్య ఉన్న తేడా చదువుకున్నవాళ్ళకు కూడా ఇంకా అర్థం కాలేదు. మొన్న భూపాలపల్లిలో ఒక సభలో మాట్లాడి దిగితే ఒక పెద్దమనిషి ఎంతో ప్రేమగా, "మిమ్ముల చూస్తే తండా మనిషని ఎవ్వరనుకుంటరు మేడం?" అన్నాడు. మెచ్చుకున్నాననుకున్నాడు పాపం. "అనుకుంటే ఏమైతదన్నా?" అని అడిగాను. ఆయన చేతిలో నాకు ఇంకుప్యాడు కనిపించింది.

సినిమాల్లో తమ మాటను ఏళ్ళ తరబడి నవ్వులపాలు చేశారని మావైపు మనుషులు కోపపడతారు. వాళ్ళ కోపం న్యాయమైనదే. అదే మనుషులు తండా పిల్ల నోట ఇంటి మాట వింటే నవ్వుతారు. తమ గేటు విరగ్గొట్టుకుని బయటికొచ్చినవాళ్ళు ఆ చెక్కతోనే ఇంకొకరికి గేటు బిగిస్తుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఈ మంట తగ్గాలని కూడా నేను కోరుకోను.

పోయిన నెల మనవరాలిని మహబూబాబాద్‌లో ఒక బడిలో చేర్పించడానికి కాగితం తెచ్చారు. నా కొడుకు నింపి, సంతకానికి నా ముందు పెట్టాడు. నేను చదవకుండా వేలితో గడులు లెక్కపెట్టాను. తర్వాత ఒక్కొక్కటి పైకి చదివాను. ఇంట్లో మాట్లాడే భాష, ఇంగ్లీషు. మనవరాలు కిసుక్కున నవ్వింది. కొడుకు తల పక్కకు తిప్పుకున్నాడు. సీటు కావాలి వాడికి, నాకు తెలుసు, ఆ భయం నాకూ తెలుసు. నేను కాగితాన్ని వాడి ముందుకే జరిపి, మా యాడి నవ్వినట్టు నవ్వడానికి ప్రయత్నించి, మా భాషలోనే అడిగాను.

"ఇది ఎవరింటి కాగితంరా?"